కుట్టుమిషను విదేశాంగ శాఖ

ఆ వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అనేవారు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది ఆయనది. డాక్టరు రాసిచ్చిన నంబరుకు వచ్చిన గాజుబిళ్ళను తిరిగే రాయి మీద అంచులు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, ముక్కు మీద జారకుండా, చెవి వెనక కోసుకోకుండా సరిచేసి ఇవ్వడం ఆయన పని. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, తెల్లబడ్డాక కూడా అదే స్టూలు మీద ఉన్నాడు. మాట తక్కువ మనిషి. ఆయనకు రావలసిన వాటా కూడా దేవుడు భార్యకే కట్టబెట్టాడని ఇరుగుపొరుగు అనుకునేవారు.

ఆవిడ ఇంట్లో కుట్టుపని చేసేది. పొడుగు తగ్గించడం, నడుము వదులు చేయడం, చెడిపోయిన జిప్పులు మార్చడం. ముందు గదిలో కిటికీకి ఎదురుగా మిషను వేసుకుంది, వెలుతురు కోసం. టీవీ ఆవిడ వీపు వెనక గోడకు ఉండేది. సాయంత్రం ఆయన దుకాణం నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని వార్తలు పెట్టేవాడు. ఆవిడ వెనక్కి తిరిగేది కాదు. సూది కింద వేలు పెట్టుకుని ఎవరు మాత్రం వెనక్కి తిరుగుతారు?

“ఆ అరుపులకి నాకేం అర్థం కావడం లేదండీ. కింద రాసింది మీరు చదవండి,” అనేది.

ఆయన తెర అడుగున పరుగెత్తే అక్షరాలను రసీదు చదివినట్టు చప్పగా చదివేవాడు. “సరిహద్దు వివాదంపై తీవ్ర ఆందోళన వ్యక్తం చేసిన అగ్రదేశాలు.”

మిషను ఆగేది. “ఇల్లు కాలిపోతుంటే వీధిలో నిలబడి ‘అబ్బ, ఇవాళ ఎంత ఉక్కగా ఉందో’ అన్నారన్నమాట.” మళ్ళీ మిషను నడిచేది.

ప్రపంచ నాయకుల ముఖాలు ఆవిడకు తెలియవు. గొంతులే తెలుసు. అందుకని గొంతులను బట్టే పేర్లు పెట్టింది. కప్ప అడ్డంపడ్డట్టు ముద్దముద్దగా మాట్లాడే ఒకాయన గొంతులో కప్పాయన. ఒకాయన మైకు మింగినాయన. ఎంత ఘోరం చెప్పినా జోల పాడినట్టు చెప్పే ఇంకొకాయన వెన్నపూసాయన. ముగ్గురి గొంతులూ అచ్చు గుద్దినట్టు దింపేది. అద్దాలాయన నవ్వి నవ్వి కళ్ళజోడు తీసేవాడు.

రెండు వీధుల అవతల కాపురముంటున్న కూతురు ఒకరోజు వచ్చి అంది: “అమ్మ మాటలన్నీ గాలికి పోతున్నాయి నాన్నా. మా ఆఫీసులో రెండు చెప్పాను, కడుపు పట్టుకుని నవ్వారు. నేను ఫోనులో పేజీ పెట్టిస్తాను, మీరు టైపు చెయ్యండి.”

“మీ నాన్నా?” అంది ఆవిడ దారం కొరుకుతూ. “ఊరందరికీ చూపు తెప్పిస్తారు, ఎదురుగా ఉన్న ఉప్పుడబ్బా మటుకు కనపడదు. ఫోనులో అక్షరాలు కనపడతాయా ఆయనకి?”

అది ఆవిడ రోజూ విసిరే దెప్పు. తాళంచెవి వెతుకుతుంటే, “బల్ల మీదే ఉంది, కనపడలేదా మీకు?” తువ్వాలు వెతుకుతుంటే, “భుజం మీదే ఉంది, కనపడలేదా మీకు?” పెళ్ళయిన కొత్తలో ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. పోనుపోను అది లేకుండా ఆయనకు రోజు తెల్లవారినట్టే ఉండేది కాదు.

పేజీకి కూతురే పేరు పెట్టింది, ‘కుట్టుమిషను విదేశాంగ శాఖ’ అని. అమ్మ మంత్రి, నాన్న కార్యదర్శి. పాత పటంలో ఎవరో గీసిన గీత కోసం రెండు దేశాలు కొట్టుకుంటుంటే మంత్రిగారు అన్నారు: “కొలతలు తీసుకోకుండా కత్తిరించిన చొక్కా అది. ఇప్పుడు చంకలో పట్టేసిందని గుడ్డను తిడితే ఎట్లా?” శాంతి ఒప్పందం కుదిరిందంటే, “కచ్చాకుట్టు వేశారు. తొడుక్కుని చెయ్యెత్తమనండి, అప్పుడు చూద్దాం.” ఇరుపక్షాలకీ ఆయుధాలమ్మిన దేశం మధ్యవర్తిగా వస్తానంటే, “రెండు కొంపలకీ అగ్గిపెట్టెలమ్మి, ఇప్పుడు బకెట్లు అద్దెకిస్తాడటా!”

ముక్కూమొహం తెలియని జనం వేలకు వేలు చేరారు. ఇవాళ మంత్రిగారేమన్నారు అని మధ్యాహ్నం నుంచే అడిగేవారు. ఆయన వాళ్ళ మెచ్చుకోళ్ళు చదివి వినిపిస్తే ఆవిడ, “పనీపాటా లేని మనుషులు,” అనేది గానీ, ఆ సాయంత్రం మిషను కాస్త హుషారుగా నడిచేది.

ఆ రోజు కూడా అలాగే మొదలైంది. గొంతులో కప్పాయన ఏదో సభలో ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆయన చదివాడు. బొటనవేలు ఫోను మీద సిద్ధంగా పెట్టుకుని, “ఊఁ, కానీ,” అన్నాడు.

మిషను ఆగింది. ఆవిడ ఏదో అంది. మాట ముద్దగా, నాలుక మడతపడినట్టు వచ్చింది. అచ్చం గొంతులో కప్పాయన లాగే ఉంది. అద్దాలాయన పగలబడి నవ్వాడు.

“మళ్ళీ అను, మళ్ళీ అను! ఈసారి బాగా కుదిరింది!”

ఆవిడ మళ్ళీ అంది. ఆయన మళ్ళీ నవ్వాడు. టైపు చేద్దామంటే మాట తెలియలేదు. “ఆ మాట ఏంటే?” అంటూ తలెత్తేసరికి ఆవిడ తల మిషను మీదికి ఒరిగిపోయి ఉంది. చేతి కింది గుడ్డ నేల మీదికి జారిపోతోంది.

పక్షవాతం అన్నారు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మీరు ఆ కాస్త ఆలస్యం చేయడం వల్ల తేడా ఏమీ రాలేదని డాక్టరు చెప్పాడు. అలాంటి మాటలు డాక్టర్లు అందరికీ చెబుతారని ఆయన అనుకున్నాడు. నవ్విన సంగతి మాత్రం కూతురికి చెప్పలేదు.

ఇంటికి తెచ్చాక మంచం ముందు గదిలోనే వేశారు. గాలి వస్తుందని తల కిటికీ వైపు పెట్టారు. అలా పెడితే కళ్ళు టీవీ వైపు ఉంటాయి. మాటలు నేర్పే అమ్మాయి ఒకతె ఆసుపత్రి నుంచి వారానికోసారి వచ్చేది. కప్పు, చెంచా, బంతి బొమ్మలు చూపించి అనమనేది. మంత్రిగారు బంతి బొమ్మ వంక చూసి కళ్ళు మూసుకునేవారు.

“ఆవిడకి ఏ మాటలంటే హుషారో అవి వినిపించండి సార్. అలవాటైన దారిలో మాట తొందరగా వస్తుంది,” అంది ఆ అమ్మాయి.

అంతకన్నా ఏం కావాలి! అద్దాలాయన సాయంత్రం దుకాణం నుంచి పరుగున వచ్చి వార్తలు పెట్టేవాడు. గొంతు పెద్దది చేసి చదివేవాడు. చదివి ఆగేవాడు. కావాలని తప్పు చదివేవాడు, తిడుతుందేమోనని. చేతిలో ఉన్న తాళంచెవి కోసమే ఇల్లంతా వెతికేవాడు, ఓరకంట మంచం వంక చూస్తూ. ఆయనకు ఇక కావలసింది ఒక్కటే. ఆవిడ నోటి నుంచి ఒక్క దెప్పు. కప్పు, చెంచా రాకపోయినా ఫరవాలేదు.

పేజీలో జనం అడుగుతూనే ఉన్నారు, మంత్రిగారు ఏమయ్యారని. ఆయన రాశాడు: “మంత్రిగారికి ఒంట్లో బాగాలేదు. మాట పడిపోయింది.” కింద నవ్వుల వాన కురిసింది. “ఆంక్షలు విధించారా?” అన్నాడొకడు. “శత్రుదేశం టీ ఇచ్చిందేమో, కప్పు పరీక్ష చేయించండి,” అన్నాడు ఇంకొకడు. “ఇదే కార్యదర్శిగారి కుట్ర, పదవి కాజేద్దామని!” అంది ఒకావిడ. అన్నీ ప్రేమగా అన్నవే. ఆ పేజీలో అన్నాళ్ళూ ఎగతాళే రాశాడు. ఇప్పుడు నిజం రాస్తే అది కూడా ఎగతాళి లాగే కనిపిస్తోంది.

తనే రెండు ముక్కలు రాసి చూశాడు. “ఉప్పు తగ్గింది కార్యదర్శిగారూ,” అన్నారు. ఆ మాట చదివి వంటింట్లోకి వెళ్ళి ఉప్పుడబ్బా ముందు కాసేపు ఊరికే నిలబడ్డాడు.

ఆవిడ మాత్రం టీవీ చూస్తూ ఉండేది. రెప్ప వేయకుండా చూసేది. వింటోంది కాబోలు, లోపల ఏదో కూడబలుక్కుంటోంది కాబోలు అని ఆయన ఆశపడేవాడు. ఒకోసారి ఎడమ కంట నీళ్ళు కారేవి. కన్ను సరిగా మూతపడక కారుతున్నాయనుకుని తుడిచేవాడు.

ఒక సాయంత్రం తెర మీద ఎక్కడిదో ఒక వీధి. ఇళ్ళు సగానికి తెగి, లోపలి గోడల రంగులు బయటికి కనిపిస్తున్నాయి. ఆ దుమ్ములోంచి ఒకావిడ నడిచి వస్తోంది. చేతుల్లో కుట్టుమిషను తల భాగం. కింద బల్ల లేదు, చక్రం ఒకటి వేలాడుతోంది. నిద్రపోయిన పిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని భుజానికి ఆనించుకుని నడుస్తోంది. వెనక్కి చూడడం లేదు.

అద్దాలాయన అటు ఒక్కసారి చూసి కళ్ళు దించేశాడు. కింది అక్షరాలు చదువుతున్నాడు. “మరోసారి తీవ్ర ఆందోళన వ్యక్తం...”

“మి...”

ఆయన ఆగిపోయాడు.

ఆవిడ ఎడమ చెయ్యి లేచింది. “మిష... ను.”

“ఏమన్నావ్? మళ్ళీ అను!” అన్నాడు. అన్నాక, అదే మాట వెనకటిసారి ఎప్పుడన్నాడో గుర్తొచ్చింది.

వంటింట్లోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, మన మిషను కావాలా? అదుగో అక్కడే ఉంది, ముసుగు వేసి పెట్టాం.” ఆవిడ కాదన్నట్టు తల ఆడించింది. తెర వైపే చూపించింది. అక్కడ అప్పటికే వ్యాపార ప్రకటన వస్తోంది.

ఆనందం పట్టలేక ఆయన ఆ సాయంత్రమే పేజీలో రాశాడు: “ఇవాళ మా ఆవిడ మాట్లాడింది. టీవీలో ఒకావిడ కూలిన ఇంట్లోంచి కుట్టుమిషను ఎత్తుకుని వస్తోంది. ఆమెను చూసి, మిషను అంది. ఇందులో నవ్వడానికేమీ లేదు.”

నవ్వి నవ్వి కన్నీళ్ళు పెట్టుకునే పసుపుపచ్చ ముఖాలు వరసగా వచ్చి పడ్డాయి. “మంత్రిగారు డ్యూటీలో చేరారహో!” “ఆ ఒక్క మాటలో ఎంత అర్థముందో చూశారా!” అర్థమేమిటో ఒకరికొకరు వివరించుకుంటున్నారు కూడా.

“తీసేద్దామా నాన్నా?” అంది కూతురు.

“ఉండనీయమ్మా. వాళ్ళ తప్పేముంది? అలా నవ్వడం నేర్పింది మనమేగా.”

మర్నాడు సాయంత్రం ఆ బొమ్మే మళ్ళీ వేశారు. ఈసారి ఆయన అక్షరాలు చదవలేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, మంచం పట్టె మీద కూర్చుని ఆవిడతో పాటు చూశాడు. దుమ్ము, తెగిన గోడలు, ఆ ఆడమనిషి. ఆమె ఒక కాలికి చెప్పు లేదు. మిషను చక్రానికి ఇంకా దారం చుట్టుకుని ఉంది.

ఆవిడ చాలాసేపు పెదవులతో పెనుగులాడింది. ముందు టీవీని చూపించింది. తర్వాత తన వీపు వైపు, కిటికీ దగ్గర ముసుగు వేసిన మిషను వైపు చూపించింది.

“నేను... చూ... డలే.”

“ఏం చూడలేదే?”

“వెన... క్కి.”

ఆయనకు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆవిడ వెనక గోడ మీద ఇవన్నీ కదులుతూనే ఉన్నాయి. ఆవిడకు మాత్రం గొంతులే వినిపించాయి. గొంతులకు పేర్లు పెట్టింది. ఆ గొంతులు ఏం చేయించాయో మంచాన పడ్డాక గానీ కంట పడలేదు.

“నీకెలా తెలుస్తుందే,” అన్నాడు ఆవిడ చెయ్యి పట్టుకుని. “నీ పని అటువైపు. సూది మీద కన్ను. నీకెలా కనపడుతుంది?”

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఆ కుర్చీ వైపు, టీవీకి సరిగ్గా ఎదురుగా, ఆయన రోజూ కూర్చునే కుర్చీ వైపు చూసింది. మళ్ళీ ఆయన వైపు చూసింది. ఒక్కొక్క అక్షరాన్నీ చిక్కుపడ్డ దారంలోంచి లాగినట్టు లాగింది.

“కన... పడ... లేదా... మీకు?”

ఆయన ఇన్నాళ్ళూ ఎదురు చూసిన మాటే. ఒక్క అక్షరం కూడా తక్కువ కాలేదు. కాకపోతే అందులో దెప్పు లేదు. నిజంగానే అడుగుతోంది, తెలుసుకుందామని.

జవాబు కోసం ఆవిడ ఎదురు చూస్తోంది. తెర మీద ఆ ఆడమనిషి వీధి మలుపు తిరిగి కనుమరుగైంది. అడుగున అక్షరాలు పరుగెడుతూనే ఉన్నాయి.

“కనపడిందే,” అన్నాడు అద్దాలాయన. “రోజూ కనపడింది.”