ఏసురత్నం గారి రెండు వాక్యాలు

మొన్న పొద్దున పెరట్లో వంగ ఆకు తిరగేసి చూస్తుంటే వేళ్లకు బంక అంటుకుంది. తెల్లదోమ, ఆకు రసం పీల్చి బంక వదిలే పురుగు. సబ్బు పెట్టి రుద్దినా ఆ జిగట ఒక పట్టాన వదల్లేదు. చేతులు కడుక్కుంటుంటే, ఒకప్పుడు ఏసురత్నం గారి మీద నాకుండిన విసుగంతా గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ విసుగు ఆయన మీద కాదు, నా మీదే.

ఎనభైల నడుమ వ్యవసాయ డిగ్రీ పుచ్చుకుని బయటికొచ్చాను. మొదట దొరికింది దర్శిలో, పత్తి పురుగుల సర్వేలో తాత్కాలిక ఉద్యోగం. అక్కడ నా పైన ఏసురత్నం గారు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చదువు పదో తరగతితో ఆగిపోయి, పాతికేళ్లు చేలల్లోనే తిరిగిన మనిషి. డిగ్రీ చదివిన నన్ను తెల్లవారుతూనే పత్తి చేలో గొంతుక్కూర్చోబెట్టేవారు. మొక్కకు పైన ఒక ఆకు, నడుమ ఒకటి, కింద ఒకటి మెల్లగా తిప్పి, అడుగున ఉన్న దోమల్ని లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. ఎండెక్కితే ఎగిరిపోతాయి గనుక ఆలస్యం కుదరదు. ఆ లెక్కను బట్టే మందు కొట్టాలో వద్దో రైతుకు చెప్పేవాళ్లం. నాలుగు మొక్కలు చూస్తే తెలిసిపోదా అని ఒకసారి అడిగాను.

"తెలిసిపోతే నువ్వెందుకబ్బాయ్, నేనెందుకు?" అన్నారు.

నా మనసంతా గుంటూరు మీద ఉంది. అక్కడ ఒక పురుగుమందుల కంపెనీ డిగ్రీ వాళ్లను తీసుకుంటోంది, మోటారు సైకిలు కూడా ఇస్తుందట. ఈ సీజను అయ్యేదాకా ఉండు, ఇక్కడ మొదలుపెడితే చెయ్యి తిరుగుతుంది, తర్వాత ఎక్కడికైనా వెళ్లు అని ఏసురత్నం గారు చెప్పిందే చెప్పేవారు. పదో తరగతి మనిషికి ఉద్యోగాల సంగతి ఏం తెలుసని లోలోపల విసుక్కునేవాణ్ణి.

ఇంటర్వ్యూకు చదువుకుందామని రెండు వారాలు గదిలోనే కూర్చున్నాను. చేలకు వెళ్లకుండా, పాత అంకెలకు అటూ ఇటూగా కొత్తవి రాసేశాను. ఒకరోజు ఆయన పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగారు.

"కొండయ్య చేలో మంగళవారం ఆకుకు నాలుగు దోమలా?"

"అవునండీ."

"ఆదివారమే అతను చేను దున్నేశాడు కదా. ఏ ఆకు మీద చూశావు?"

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. పక్క చేను నాగయ్యది. దానికీ నేను నాలుగనే రాశాను. మందు అక్కర్లేదన్న మా మాట నమ్మి నాగయ్య ఆగాడు. ఆ సాయంత్రం ఇద్దరం వెళ్లి చూస్తే, చేనంతా ఆకులు బంక పట్టి మసి పూసినట్టున్నాయి. నీ నోటితో నువ్వే అతనికి చెప్పు అన్నారాయన. రేపు చెబుతానన్నాను. చెప్పలేదు.

నేను పనిచేసిన చోటి నుంచి ఒక ఉత్తరం తెమ్మన్నారు కంపెనీ వాళ్లు. సిగ్గు లేకుండా ఆయన్నే అడిగాను. రెండే వాక్యాలు రాశారు: "ఈ అబ్బాయి తెలివైనవాడు. చేలోకి దిగితే సరిగ్గానే లెక్కపెడతాడు." ఇదేం ఉత్తరమండీ, మార్చి రాయండి అని పోట్లాడాను. ఆయన కలం నా చేతికిచ్చి, ఇందులో అబద్ధమున్న మాట కొట్టెయ్యి, సంతకం పెడతానన్నారు. ఒక్క మాటా కొట్టెయ్యలేకపోయాను.

గుంటూరులో మేనేజరు అది చదివి నవ్వాడు. "మాకు లెక్కపెట్టేవాళ్లతో పనేముందయ్యా, అమ్మేవాళ్లు కావాలి" అని అక్కడికక్కడే ఉద్యోగమిచ్చాడు. అప్పుడైనా లేచి దర్శి బస్సెక్కాల్సింది. మోటారు సైకిలెక్కాను. పదకొండేళ్లు ఒక్క ఆకూ తిప్పి చూడకుండా మందులమ్మాను.

ఏసురత్నం గారు పోయారని తెలిసిన ఏడాది నాగయ్య ఇంటికి వెళ్లాను. ముసలివాడైపోయాడు. వసారాలో కూర్చుని మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్నాడు. నేను ఫలానా అని చెప్పి, ఆనాటి అంకెలు చేను చూడకుండా రాసినవని చెప్పాను. తలెత్తకుండా ఏరుతూనే ఉన్నాడు.

"ఏసురత్నం గారు అప్పుడే చెప్పారులే. మా కుర్రాడు చేలోకి దిగలేదు, వాడే వచ్చి చెబుతాడు, ఏమీ అనకు నాగయ్యా అన్నారు. కనపడినప్పుడల్లా వచ్చాడా అని అడిగేవారు. రాలేదని చెప్పీ చెప్పీ విసిగిపోయానయ్యా."

నన్ను తిట్టినవాళ్లెవరూ నాకిప్పుడు గుర్తు లేరు. వస్తానని నమ్మి, వచ్చాడా అని అడుగుతూ పోయిన మనిషి మాత్రం నన్ను వదలడు. వచ్చాడని చెప్పడానికి ఆయన లేరు.