పదో సంతకం

పెద్ద పార్టీ అభ్యర్థిని ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు సంతకం చాలు. గుర్తింపు లేని పార్టీకి పది మంది కావాలి. తొంభై తొమ్మిది ఎన్నికల్లో సినిమా సెట్లు కట్టే వడ్రంగి భిక్షం తన నామినేషన్ కోసం వారం రోజులు రహమత్ నగర్ గల్లీలన్నీ తిరిగి ఆ పది మందినీ పట్టాడు. రెండు పార్టీల సభలకూ లారీలెక్కి పోయే మనుషులకు మూడో పార్టీ కాగితం చూడగానే ఇంట్లో పనులు గుర్తొచ్చేవి.

నామినేషన్ల ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండు కొట్టింది. అధికారి పదో పేరు మీద వేలు పెట్టి ఆగాడు.

“లీలాకుమారి ఎవరయ్యా? లిస్టులో ఆ నంబరు దగ్గర దేవమ్మ అని ఉంది. మూడింటిలోపు సరిచేసుకురా.”

సినిమాల్లో గుంపు వేషాలు వేసే దేవమ్మకు ఏజెంటు తగిలించిన పేరది. పదిహేనేళ్లుగా కంపెనీ కాగితాల మీద అదే రాసిన చెయ్యి ఇక్కడా అదే రాసింది.

ఆటోలో ఫిల్మ్ నగర్ చేరాడు. కోర్టు సీను తీస్తున్నారు. దేవమ్మ ముందు వరుసలో ఉంది; పొద్దుటి నుంచీ కెమెరాలో పడుతూనే ఉంది. లేస్తే తర్వాతి షాట్లో కుర్చీ ఖాళీగా కనబడుతుంది.

“అక్కా, జర రావాలె. నీ అసలు పేరుతోని సంతకం కావాలె.”

“గిప్పుడా తమ్మీ?”

ప్రొడక్షన్ మేనేజర్ వెంకటరామయ్య అడ్డొచ్చాడు. “ఏవండోయ్ ఎమ్మెల్యేగారూ, ముందు డిపాజిట్ దక్కించుకోండి. ఏమ్మా, లేచావంటే రేపట్నుంచి మా గేటు తొక్కొద్దు.”

భిక్షం దేవమ్మను బతిమాలబోయి ఆగిపోయాడు. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. పెద్ద పార్టీవాడైతే ఒక్క ఫోనుతో ఈ మేనేజర్‌నే వంచేవాడు. తను ఏ మాట ఇవ్వగలడు?

దేవమ్మ కొంగు దోపుకుని లేచింది. “మా గుడిసెలు పీకిననాడు రెండు పార్టీలోళ్లు గీడనే సినిమా ముహూర్తానికి కొబ్బరికాయలు కొట్టిండ్రు. నడువు.”

మూడింటికి ఆరు నిమిషాలుండగా ఆమె అధికారి ముందు తన పేరును ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసింది. అధికారి రసీదు ఇచ్చాడు.

రసీదు జేబులో పెట్టుకుని భిక్షం ఆమెతోపాటు మళ్లీ ఆ గేటు దగ్గరకే వెళ్లాడు. అభ్యర్థిగా అతను మొదట చేతులు జోడించింది వెంకటరామయ్యకే.

“తప్పు నాది సార్. అక్కను పనిల ఉండనీయుండ్రి.”

మేనేజర్ నవ్వాడు. “ఉపసంహరణకి ఇంకా టైముందిగా. నువ్వు కాగితం వెనక్కి తీసుకో, ఆవిడ కుర్చీ ఆవిడకుంటుంది.”

భిక్షం తల తిప్పి చూసేసరికి దేవమ్మ పక్కన లేదు. ఆ బేరంలో కుర్చీ తనకక్కర్లేదన్నట్టు, ముఖాన రంగు కూడా తుడుచుకోకుండా రోడ్డెక్కి రహమత్ నగర్ వైపు నడుస్తోంది.