రత్నమాణిక్యం వంగతోట

కడియం దగ్గరి గోదావరి లంకలో రత్నమాణిక్యం, చిట్టియ్య దంపతులకు అరెకరం వంగతోట ఉండేది. తొంభై ఏడులో కాయతొలిచే పురుగు విపరీతంగా పట్టింది. వారానికి రెండుసార్లు మందు కొట్టినా లొంగలేదు. ఒక మధ్యాహ్నం ఎదురుగాలిలో మందు కొడుతూ చిట్టియ్య మొక్కల మధ్యే పడిపోయాడు. కాకినాడ ఆసుపత్రిలో మూడోరోజు ప్రాణం పోయింది.

పెద్దకర్మ అయ్యాక ఆమె ఇంట్లో మిగిలిన మందు సీసాలన్నీ గొయ్యి తీసి పూడ్చేసింది. వేపగింజలు దంచి నానబెట్టి, పాత చీరగుడ్డలో వడగట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రాలు చల్లేది. వాడిన కొమ్మలూ పుచ్చిన కాయలూ ఏ రోజుకారోజు తుంచి తగలబెట్టేది. మొదటి ఏడు సగం తోట పోయింది. బేరగాళ్ళు కాయ తిప్పి చూసి, మళ్ళీ బుట్టలో పడేసి వెళ్ళిపోయేవారు. అయినా ఆమె మందు తేలేదు.

మూడో ఏడు ఆకుల మీద పేనుబంకని తినే అక్షింతల పురుగులు తిరగసాగాయి. పేనుతోపాటు కాయ పుచ్చూ తగ్గింది. కొమ్మలు నిలబడ్డాయి.

పక్క చేను మరిది గంగరాజుది. అన్న పోయినా అతను మందు మానలేదు. ఒకరోజు అతను గట్టు మీద కూర్చుని మందు కలుపుతుంటే చూసి, ఆమె అతని దగ్గరికి వెళ్ళింది.

“మూతికి గుడ్డయినా కట్టుకోవయ్యా.”

“ఈ మోతాదు చాలట్లేదొదినా. ఇంకో రెండు మూతలు వేస్తేగాని చావదు.”

ఆమె అక్కడే కూలబడింది.

“ఆవేళ మీ అన్నయ్యకి మందు కలిపింది నేనేనయ్యా. ఒక మూత పొయ్యమన్నారాయన. పురుగు చావట్లేదని నేను మూడు పోశాను. ఆయనకి చెప్పలేదు.”

గంగరాజు చేతిలో మందు కలుపుతున్న పుల్ల ఆగిపోయింది. “డాక్టరుగారు ఎంత కలిపారని అడిగితే, ఒకటేనన్నావు కదా?”

“భయమేసింది.”

అతను బకెట్టు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు. ఆ ఏడు చిట్టియ్య తద్దినానికీ రాలేదు.

కానీ ఆ పంటకి మందు కొట్టలేదు. గట్టు మీద ఆ మాటలైన పది రోజులకి అతని భార్య బుజ్జమ్మ బిందె పట్టుకుని వచ్చింది.

“వేపగింజల కషాయం ఎలా చెయ్యాలో నేర్చుకు రమ్మన్నారక్కా.”

“తను రాడా?”

బుజ్జమ్మ తల దించుకుంది. “మీ గట్టు తొక్కనన్నారు.”

రత్నమాణిక్యం కళ్ళు తుడుచుకుంది. గింజల చేట బుజ్జమ్మ ముందుకు జరిపి, “మెత్తగా దంచకు. పలుకుపలుకుగా ఉండాలి,” అంది.