కండక్టరు పాపన్న కూతురి పేరు

మదనపల్లె నుంచి కుప్పం పోయే రోడ్డు వెంబడి ఊళ్లలో తొంభైల్లో పుట్టిన ఆడపిల్లల్లో ఇందరు నవనీతలు ఎందుకున్నారని ఎవరైనా అడిగితే, ఆ ఘనత పంచాంగం చూసి పేర్లు చెప్పే అయ్యవారిది కాదు, సినిమా వాళ్లది అసలే కాదు. ఖాకీ చొక్కా పై గుండీ ఎన్నడూ పెట్టుకోని, ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చోలేని కండక్టరు పాపన్నది. నమ్మనివాళ్లు నమ్మకపోతే పోయారు!

పాపన్నది పుంగనూరు. పదేళ్లప్పుడు ఒక కృష్ణాష్టమికి హరికథ చెప్పడానికి వచ్చిన దాసుగారు కృష్ణుణ్ణి నవనీతచోరుడు అన్నాడు. ముందు వరసలో కూర్చున్న పాపన్న టక్కున లేచి, "స్వామీ, నవనీతం అంటే ఏంది?" అని అడిగేశాడు. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగారు. దాసుగారు మాత్రం చిడతలు ఆపి నవ్వాడు. "అప్పుడే చిలికి తీసిన వెన్న నాయనా. నిన్నటిది కాదు, ఈ పూటది" అన్నాడు. ఇంత మంచి మాటను ఇన్నాళ్లూ ఎవరూ ఆడపిల్లకు ఎందుకు పెట్టుకోలేదో పాపన్నకు అంతు పట్టలేదు. తనకు కూతురు పుడితే ఇదే పేరని ఇల్లు చేరేలోపు తీర్మానం చేసేసుకున్నాడు.

కూతురు 1991లో పుట్టింది. పేరూ సిద్ధంగా ఉంది. పెట్టడానికే వీల్లేకపోయింది. కాన్పుకు రెండు నెలల ముందే పాపన్న తల్లి గౌరమ్మ కన్నుమూసింది. పెద్దామె మళ్లీ ఇంటికొచ్చిందని వీధంతా అన్నారు. వాళ్లనేమి, పాపన్నే బిడ్డను ఎత్తుకుని "మాయమ్మే, మాయమ్మే" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. బిడ్డ పేరు గౌరమ్మ అయింది.

ఆ ఏడు ఎండాకాలంలోనే మదనపల్లె గోపాలస్వామి కొత్త బస్సు దించాడు. ప్రైవేటు బస్సుకు యజమాని కూతురి పేరు రాయించడం అక్కడ మామూలు. గోపాలస్వామికి ముగ్గురూ మగపిల్లలే. "బస్సుకు నరేంద్ర అని రాస్తే ఎవురెక్కుతారప్పా? ఏం పేరు పెడదాం?" అని కొత్తగా చేరిన కండక్టరును అడిగాడు.

"నవనీత!" ఆయన నోరు మూతపడక ముందే పాపన్న అనేశాడు.

"ఎవురా నవనీత?"

"ఎవురూ కాదు సార్. ఇంకా ఎవురూ లేరు."

నుదుటి మీద పసుపుపచ్చ అక్షరాలతో, చుట్టూ పూలతీగతో బస్సు రోడ్డెక్కింది. ఇక చూడాలి పాపన్న హడావిడి! మదనపల్లె ఆస్పత్రుల నుంచి పసిబిడ్డతో ఇంటికి పోయే బాలింతలు ఎక్కితే చాలు, ముందు సీట్లో కూర్చున్న మగాళ్లను లేపేసి చోటు చూపించేవాడు. ఆడపిల్ల అని తెలిసిందో, ఇక వదిలేవాడు కాదు. ఏం పేరు పెడతాండారు, ఇంకా అనుకోలేదా, అయితే ఈ బస్సు పేరుకు అర్థం తెలుసునా అని మొదలుపెట్టి, కృష్ణుడితో సహా వెన్న కథంతా చెప్పేవాడు. పుంగనూరు చేరేలోగా సగం మంది ఒప్పుకునేవాళ్లు. మిగతా సగం మంది దిగిపోయేవాళ్లు.

"వెన్న ఎండకు కరిగిపోతాది గదప్పా" అని ఒక ముసలామె అడ్డం చెప్పింది.

"కరిగితే నెయ్యి అయితాది అవ్వా, ఇంకా మేలు!" అన్నాడు పాపన్న. ఆమె మనవరాలూ నవనీతే అయింది.

మొట్టమొదటి నవనీత కుప్పంలో కూరగాయలమ్మే మునిస్వామి కూతురు. ఆ కబురు తెలిసిన రోజు పాపన్న బస్సు మొత్తానికి బూందీ పంచాడు. నాలుగైదేళ్లు గడిచేసరికి రోడ్డు పొడుగునా స్టాపుల దగ్గర బుడ్డ బుడ్డ నవనీతలు నిలబడి, "నా బస్సు! నా బస్సు!" అని గంతులేయడం మొదలైంది. ఒక్కొక్క నవనీతకు డ్రైవరు రెడ్డెప్ప రెండేసి హారన్లు కొట్టేవాడు. పాపన్న ఫుట్‌బోర్డు మీద నిలబడి రాజు మాదిరి చెయ్యి ఊపేవాడు.

ఇంట్లో సంగతి వేరు. అత్త పేరు కోడలు పలకకూడదు. అత్త పోయినా సరే, ఆ పేరు కన్నకూతురికి పెట్టినా సరే. అందుకని పాపన్న భార్య సుభద్రమ్మ బిడ్డను "పాపా" అనే పిలిచేది. తల్లిని పేరు పెట్టి ఎట్లా పిలుస్తామని పాపన్న "అమ్మా" అనేవాడు. బళ్లో హాజరు నంబరుతో పిలిచేవాళ్లు కాబట్టి అక్కడ ఆ పిల్ల పదిహేడు. తోటి పిల్లలకు కండక్టరు కూతురు. పద్నాలుగేళ్లు నిండినా, గౌరమ్మను గౌరమ్మా అని పిలిచిన మనిషే లేడు.

2005లో గౌరమ్మ పదో తరగతికి వచ్చింది. ఆ తరగతిలో ఐదుగురు నవనీతలు! పొడుగు నవనీత, పొట్టి నవనీత, కళ్లజోడు నవనీత, ఇంకా ఇద్దరు. పరీక్ష రాసేవాళ్ల జాబితా పంపే రోజులొచ్చాయి. అందులో ఏ పేరుంటే జీవితాంతం సర్టిఫికెట్ మీద అదే పేరు. మార్చుకోవాలంటే శుక్రవారం పదిన్నర లోపు తల్లీ తండ్రీ ఇద్దరూ వచ్చి, పాత పేరూ కొత్త పేరూ తమ నోటితో చెప్పాలని హెడ్మిస్ట్రెస్ సరస్వతమ్మ చాటింపు వేసినట్టు చెప్పింది. కిందటేడు ఎవరో తాత వచ్చి తనకు తెలియకుండా పేరు మార్చారని గొడవ చేసినప్పటి నుంచీ ఆమె పెట్టుకున్న కట్టడి అది.

మర్నాడు పొద్దున పాపన్న టికెట్ల సంచి భుజాన వేసుకుంటుంటే కూతురు ఎదురొచ్చి నిలబడింది.

"నాయనా, నాకు పేరు మార్పించు. నవనీత అని."

"యాలమ్మా? మీ జేజి పేరు గదా అది."

"కుప్పం దాకా అందరికీ మంచి పేరు పెట్టుకుంటా పోయినావు. నాకు యాల పెట్టలేదు? ఆ నవనీతలను దినానికి నూరుసార్లు పిలుస్తాండారు. నన్ను ఎవురన్నా పిలిచినారా? నువ్వు పిలిచినావా? అమ్మ పిలిచిందా?"

పాపన్న, ఆ వాగుడుకాయ పాపన్న, వేసుకుంటున్న సంచి కింద పెట్టేశాడు. ఊరందరి బిడ్డల పేర్లూ పట్టించుకుని సొంత బిడ్డను మరిచాడా! సిగ్గేసింది. కానీ నిజం చెప్పాలంటే, ఆ సిగ్గు అడుగున సంతోషం ఉప్పొంగింది. ఎన్నేళ్ల కోరిక! నా కూతురు నవనీత!

శుక్రవారం దాకా రెండు రోజులూ బస్సులో ఇదే చర్చ. మార్చాల్సిందేనని కొందరు, పెద్దల పేరు తీయకూడదని కొందరు. రెడ్డెప్ప స్టీరింగు వదిలి వెనక్కి తిరిగి మరీ వాదించాడు.

శుక్రవారం సెలవు దొరకలేదు. "బడి కాడ పది నిమిషాలు ఆపుకోప్పా" అని గోపాలస్వామి దయతలిచాడు. తీరా చూస్తే పుంగనూరుకు మూడు మైళ్ల ముందు టమాటా లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయి ఉంది. ప్రయాణికులంతా "దిగండి, దిగండి" అంటూ దిగి, లారీని పక్కకు తోసి, మళ్లీ ఎక్కి, "పోనీ రెడ్డెప్పా!" అని అరిచారు. బస్టాండులో సుభద్రమ్మను ఎక్కించుకుని పదీ ఇరవైకి బస్సు బడి ముందు ఆగింది. పాపన్న భార్య చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. కిటికీలన్నిటిలోంచీ తలలు బయటికొచ్చాయి.

లోపల గౌరమ్మ అప్పటికే నిలబడి ఉంది. సరస్వతమ్మ జాబితా ముందు పెట్టుకుని పెన్ను తీసింది.

"ఇప్పుడుండే పేరు చెప్పప్పా."

"గౌ... గౌరమ్మ" అన్నాడు పాపన్న.

"కొత్త పేరు?"

"నవనీత!" ఆ అరుపు బస్సు దాకా వినిపించి అక్కడ ఈలలు లేచాయి.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మా."

సుభద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది మా అత్త పేరు మేడమ్. నేను పలకను."

"నువ్వు చెప్పకపోతే నేను మార్చను" అంది సరస్వతమ్మ గడియారం చూస్తూ. బయట రెడ్డెప్ప హారన్ మోగించాడు.

పాపన్న బతిమాలాడు. "ఒక్కసారి అనెయ్. ఈ దినంతో ఆ పేరు మనింట్లో ఉండదు. ఇంకెప్పుడూ పలకాల్సిన పనే లేదు."

ఆ మాటకు సుభద్రమ్మ తలెత్తింది. భర్తను చూడలేదు, మేడమ్‌ను చూడలేదు. కూతుర్ని చూసింది. కొంగు తీసేసింది.

"గౌరమ్మా" అంది.

చెప్పడం కాదది, పిలవడం. "ఏం మా?" అని ఆ పిల్ల నోటి నుంచి దానంతటదే వచ్చేసింది. వచ్చాక బిత్తరపోయి తల్లి వైపు చూసింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"మా, ఇంగోసారి పిలు."

"గౌరమ్మా. నా బంగారు గౌరమ్మా, ఇట్లా రా."

పిల్ల వెళ్లి తల్లిని కరుచుకుపోయింది. సరస్వతమ్మ పెన్ను పట్టుకుని, కొత్త పేరు కూడా చెప్పమని గుర్తు చేసింది.

"వద్దు మేడమ్. దాన్ని అట్లే ఉండనీండి" అంది గౌరమ్మ, తల్లి భుజం మీద నుంచి తల ఎత్తకుండానే.

పాపన్నకు ఒక్క క్షణం కోపమొచ్చింది. చేతికందిన పేరు జారిపోయింది మరి! ఆ తర్వాత తన వంతు కూడా ఉందని తెలిసొచ్చింది. తల్లి పేరు పెట్టి పిలవడానికి నాలుక మొరాయించింది. అయినా గొంతు సవరించుకున్నాడు. "గౌరమ్మా, నేను పోయొస్తా" అన్నాడు.

"సరే నాయనా" అని పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

బస్సెక్కగానే "మారిందా పాపన్నా? మారిందా?" అని అందరూ మీదపడ్డారు. "మారలేదు!" అని పాపన్న ఎగిరి గంతేసి చెప్పాడు. మారనందుకు ఇంత సంబరమేమిటో వాళ్లకు పలమనేరు దాటేదాకా అర్థం కాలేదు.

ఆ సాయంత్రం సుభద్రమ్మ కూతుర్ని పిలవడానికి సాకులు వెతుక్కుంది. కొళాయిలో నీళ్లొచ్చాయని పిలిచింది. నీళ్లు ఆగిపోయాయని పిలిచింది. అగ్గిపెట్టె కళ్లెదుటే ఉన్నా, అది యాడుండాదో చూడమని వీధి చివరిదాకా వినపడేట్టు పిలిచింది. ఇరుగమ్మలూ పొరుగమ్మలూ ముక్కున వేలేసుకున్నారు. గౌరమ్మ మాత్రం పుస్తకం పక్కన పెట్టి, పిలిచిన ప్రతిసారీ లేచి వచ్చింది.