నా పెరట్ల పూలకు నా చెయ్యి తగలొద్దంట

ఇయ్యాల సద్దుల బతుకమ్మ. ఎండకాలంల మా ఆయన పోయినంక ఇంట్ల పొద్దు పోక, వానలు మొదలైన మిరుగం కార్తెల ఇంటెనుక జాగా మొత్తం లిల్లీ గడ్డలు పాతిపెట్టిన. వాటి నడుమ పోయినేడు ఎండబెట్టి దాచిన బంతి, సీతజడ విత్తనాలు చల్లిన. ఖేడ్‌ల మా గల్లీల ఇన్ని పూలు ఇంకెవ్వలింట్ల లెవ్వు.

పొద్దుగాల పక్కింటి అక్క ఇద్దరు కోడండ్లను తోలుకొని గంపలు పట్టుకొని వచ్చింది. నేను ఖుషీగ ఎదురుపోయి, నాలుగు బంతిపూలు తెంపి గంపల ఏసిన. అక్క వాటిని తీసి గోడ మీద పెట్టింది.

"నువ్వు తెంపకు చెల్లె. గౌరమ్మకు పెట్టే పూలకు ముత్తైదుల చెయ్యే తగలాలె."

"గీ చెట్లు పెట్టింది గూడ నేనే గదక్కా?"

"చెట్టుకున్నంత సేపు ఏం కాదు తియ్యి."

పండుగ పూట లొల్లి ఎందుకని అరుగు మీద కూసున్న. గంపలు నిండినయి. చిన్న కోడలు తెంపరాక ఒక లిల్లీని గడ్డతోని సహా గుంజింది. గేటు దాటేటప్పుడు అక్క ఎనుకకు మళ్లి ఏమన్నదో తెలుసా?

"వచ్చే ఏడు చేమంతి గూడ పెట్టు చెల్లె. నీ చెయ్యి మంచిది, ఏం పెట్టినా మొలుస్తది."

గా గడ్డను మళ్ల పాతిపెట్టిన. గిప్పుడు బయట అందరు ఆడుతున్నరు, బతుకమ్మల మీద నా బంతిపూలు ఇక్కడికే కనవడుతున్నయి. చేమంతి పెట్టాల్నా, గేటుకు తాళం పెట్టాల్నా, మీరే చెప్పుండ్రి.