సుందరరామయ్య చేతి బోణీ

ఆత్మకూరు బజారులో సుందరరామయ్యకు ఆస్తి అని చెప్పుకోదగ్గది ఒకటే. ఆయన కుడి చెయ్యి. అంగడి చూస్తే చిన్నది. పసుపు, కుంకుమ, కర్పూరం, వక్కలు అమ్ముకొనేవాడు. అంగడి వెనకే కాపురం. కానీ బజారులో ఎవరు కొత్త అంగడి తెరిచినా, దీపావళినాడు లక్ష్మీపూజ చేసి గల్లాపెట్టె తెరిచినా, మొదటి బేరం మాత్రం ఆయన చేయాల్సిందే. ఆయన చేతి బోణీ పడితే ఆ ఏడంతా గిరాకీకి లోటుండదని ఇటు మర్రిపాడు నుంచి అటు దుత్తలూరు దాకా నమ్మకం. నూనె అంగడి ఓబులయ్య అయితే ఈయన వచ్చి రూపాయి ఇచ్చి చెంబులో నూనె పోయించుకొనేదాకా తలుపు సగమే తీసి ఉంచేవాడు.

మేం సుందరరామయ్యకు పక్కింటివాళ్ళం. దీపావళినాడు ఆయన నడక చూసి తీరాలి. తలంటుకొని, మడత నలగని పంచ కట్టుకొని, ఆ చెయ్యి ఎవరికీ తగలకుండా ఉత్తరీయం కింద దాచుకొని బజారు మధ్యలో నడిచేవాడు. పిల్లకాయలు ఎదురొస్తే తనే పక్కకు తప్పుకొనేవాడు. మాకు నవ్వొచ్చేది, ఆయనకు రాదు. ఉన్న గొప్ప అదొక్కటే అయినప్పుడు మనిషి దాన్ని అలాగే చూసుకుంటాడు మరి.

ఆ గొప్పకు గండం సొంత బావమరిది రూపంలో వచ్చింది. జనార్దనయ్య అని, ఆయన భార్య వెంకటసుబ్బమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఉదయగిరి పిల్లవాడు. యుద్ధం అయిపోయిన మరుసటేడు మదరాసు పోయి, కొత్వాల్ చావిడి దగ్గర ఒక పప్పుల మండీలో గుమాస్తాగా చేరాడు. ఏటా దీపావళికి ఉదయగిరిలో ఉన్న తల్లిని చూడడానికి వస్తూ, దారిలో అక్క ఇంట్లో రెండు రోజులు ఆగేవాడు. నెల్లూరు నుంచి వచ్చే, బొగ్గుతో నడిచే బస్సు దిగితే అందరి మీదా మసే. కానీ జనార్దనయ్య మీది మసి దులుపుకొంటే పోతుందని, ఆ బస్సు ఎక్కకపోయినా తన మీద ఏదో మసి ఉందని, అది ఉతికినా పోదని సుందరరామయ్యకు అనిపించేది. ఏం చేస్తాం, అనిపించింది అంతే.

అంతకు ముందు పండగ ముందురోజు సాయంత్రం ఆయన అంగడి అరుగు మీద జనం చేరేది సుందరరామయ్య కోసం. మా అంగడికి ముందు రా అంటే మా అంగడికి ముందు రా అని బతిమాలేవాళ్ళు. జనార్దనయ్య రావడం మొదలయ్యాక అదే జనం, అదే అరుగు, మాటలు మాత్రం మదరాసువి.

"ఏం చెప్పమంటారు మదరాసు సంగతి?" అనేవాడు జనార్దనయ్య. "మొదటి ఏడు నాకు ఏడుపే. వీధిలోకి పోతే ఎక్కడికి రా అని అడిగేవాడు లేడు. జొరమొచ్చి పడుకొంటే పక్క గదిలోవాడికి తెలీదు. రెండో ఏటికి అదే బాగుండాదనిపించింది. ఎవరి కొడుకువి, నిన్నేం తిన్నావు, జీతమెంత, ఇవేవీ ఎవడికీ అక్కర్లేదు. అక్కడ మనల్ని మనమే మోసుకోవాల. బరువే. కానీ ఎవడి బరువు వాడిదే గదా."

"ట్రాం బండి ఎక్కినావా?" అని ఓబులయ్య.

"రోజూ ఎక్కేదే. పక్కన కూచున్నోడు లక్షాధికారో మూటలు మోసేవాడో తెలీదు. ఇద్దరూ ఊగడం ఒకటే ఊగడం."

"మరి నీళ్ళు?" సుందరరామయ్య గొంతు సవరించుకొని అడిగేవాడు. ఆయన అడిగేవన్నీ ఇలాంటివే.

"కొళాయి ఉండాది బావా. అయిదు కాపురాలకి ఒకటే. తెల్లారేసరికి ఆడోళ్ళ కొట్లాట. కొట్లాడుకొన్నోళ్ళే మళ్ళీ ఆ కొళాయి కాడే కూచుని ఒకరికొకరు జడలేసుకొంటారు."

"అంటే నీళ్ళకి కూడా దిక్కులేదన్నమాట!" అని సుందరరామయ్య అందరి మొహాలూ చూసేవాడు. వాళ్ళ చెవిన పడింది కొళాయి అన్న మాట ఒక్కటే. తిప్పితే నీళ్ళు రావడం గురించి వాళ్ళు ఇంకో గంట మాట్లాడుకొనేవాళ్ళు.

"సాయంత్రమైతే సముద్రం ఒడ్డుకి పోయి కూచుంటా," అనేవాడు జనార్దనయ్య. "ఆ గాలి ఎవడి సొత్తూ కాదు. మనూళ్ళో గాలి తగలాలన్నా అరుగు కావాల, ఆ అరుగుకి ఒక యజమాని ఉండాల."

ఆ మాట తన అరుగునే అన్నాడని సుందరరామయ్యకు అన్నం సయించలేదు. జనార్దనయ్య గొప్పలు చెప్పుకొనే మనిషి అయినా బాగుండేది, వెనక తిట్టుకోవడానికి వీలుండేది. వాడు మంచీ చెప్పాడు, చెడూ చెప్పాడు, రెండూ నవ్వుతూ చెప్పాడు. ఇలాంటివాళ్ళ మీద ఏడవడం చాలా కష్టం. సుందరరామయ్య కష్టపడే మనిషి కాబట్టి ఏడ్చాడు.

యాభయ్యో ఏడు దీపావళికి ఓబులయ్య హాస్యానికే అన్నాడు. "ఈసారి బోణీకి నువ్వు చెయ్యి పెట్టు అబ్బయ్యా. మదరాసు చెయ్యి ఎట్లుంటాదో చూస్తాం."

అరుగంతా నవ్వింది. జనార్దనయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "బావ ఉండంగా నేనా? ఆ చెయ్యి ముందు నా చెయ్యేంది?"

అంతటితో అయిపోవాల్సిన మాట. కానీ ఇంట్లోకి వచ్చి సుందరరామయ్య భార్య మీద విరుచుకుపడ్డాడు. "చూస్తివా, మీ తమ్ముడు నాకు బిచ్చం పెడతాండాడు. నా బోణీ నాకే దానం చేసినాడు!" వెంకటసుబ్బమ్మకు ఏం అర్థం కాలేదు. ఆ తర్వాత బజారులో ఎవరు తనను పిలిచినా, ముందు వాడిని అడిగి వాడు కాదన్నాకే వచ్చారేమోనని ఆయనకు అనుమానం.

మరుసటేడు శ్రావణమాసంలో, పండగా పబ్బమూ ఏమీ లేకుండా, జనార్దనయ్య దిగాడు. మదరాసులో సొంతంగా ఎవర్‌సిల్వర్ అనే స్టీలు పాత్రల అంగడి పెడుతున్నాడట. ఇన్నేళ్ళు మిగిల్చిందంతా, తల్లి పేర ఉన్న చేనుతో సహా, అందులో పోశాడు.

"నువ్వొచ్చి బోణీ చేయాల బావా. అందుకే వచ్చినా."

"నాకు బస్సు పడదు."

"పోనీ, నీ చేత్తో ఒక రూపాయి ఇయ్యి. నా గల్లాపెట్టెలో ముందు అదే పడాల. మంచి ఘడియ నువ్వే చూడు. నాకు పంచాంగం చూసేదే మరుపొచ్చింది."

"రేపు పొద్దున ఇస్తా," అన్నాడు సుందరరామయ్య. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో చెడు ఏమీ లేదు. ఇది వెంకటసుబ్బమ్మ ఒట్టేసి చెప్పింది.

పొద్దున్నే ఓబులయ్య వచ్చి, అనంతసాగరానికి నూనె బండి తోలించాలి, వేళ ఎట్లుండాదని అడిగాడు. సుందరరామయ్య పంచాంగం చూసి, "తొమ్మిది దాటితే వర్జ్యం. ఆ లోపలే బండి కదిలించు. వర్జ్యంలో మొదలుపెట్టింది మట్టిలో పోసినట్టే," అన్నాడు. లోపల పెసలు చెరుగుతున్న వెంకటసుబ్బమ్మ ఆ మాట విన్నది.

ఎనిమిదికల్లా జనార్దనయ్య స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, ఉత్తరీయం కొంగు పట్టుకొని వచ్చి కూర్చున్నాడు. చిన్నపిల్లాడు ప్రసాదానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆ మొహంలో వెలుగు చూడగానే సుందరరామయ్య చేతిలోని పంచాంగం మూసేశాడు. వీడికి కొళాయి ఉండాది, ట్రాం ఉండాది, సముద్రం ఉండాది. ఇప్పుడు నా చెయ్యి కూడా కావాల్సి వచ్చిందా?

"కూచో. కాఫీ తాగు," అన్నాడు.

కాఫీ అయింది. "దోసె తిను" అన్నాడు. దోసె అయింది. తర్వాత సుందరరామయ్య గోడకు ఆనుకొని, అన్నేళ్ళలో తనంతట తాను ఎప్పుడూ అడగనిది అడిగాడు. "మదరాసు కబుర్లు చెప్పు, విందాం."

జనార్దనయ్య మొహం ఇంత చేసుకొన్నాడు. బావ నోరు తెరిచి అడిగాడు కదా మరి. అరుగు మీద ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాడు. "ఒక మాట చెప్తా బావా. ఆ ఊళ్ళో అందరూ మంచోళ్ళే. దారి అడిగితే వెంట వచ్చి చూపిస్తారు. కానీ వీడు బాగుపడాల అని మనసులో అనుకొనేవాడు మాత్రం ఒక్కడు లేడు. అనుకోవడానికి వాళ్ళకి తీరికేది? ఒక్కోసారి జనంలో నడస్తా, ఆత్మకూరులో నాకు ఒక బావ ఉండాడు, నా మంచి కోరేవాడు, అనుకొంటా. గుండె నిబ్బరమైతాది."

సుందరరామయ్య గోడ గడియారం వైపు చూశాడు. తొమ్మిది దాటి ముల్లు కిందికి దిగుతోంది. లేచి, చేతులు కడుక్కొని, దేవుడి ముందు నుంచి రూపాయి తెచ్చాడు. కొంగు పట్టిన బావమరిది ఉత్తరీయంలో వేశాడు. వేస్తూ మనసులో అనుకొన్నాడు, ఒక్క ఏడాదిలో ఈ అంగడి ఎత్తిపోవాల, వీడు మళ్ళీ గుమాస్తా కావాల. జనార్దనయ్య వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు.

గడప దగ్గర వెంకటసుబ్బమ్మ మంచినీళ్ళ చెంబుతో నిలబడిపోయింది. గడియారం ఆమెకూ కనిపిస్తూనే ఉంది. చెబితే తమ్ముడి ముందు మొగుడి పరువు పోతుంది, చెప్పకపోతే తమ్ముడి బతుకు పోతుంది. చెంబు గడప మీదే పెట్టి వంటింట్లోకి పోయింది. బస్సు వెళ్ళిపోయాక మా ఇంటికి వచ్చి, మా దొడ్లో కూర్చొని కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఎవరితో అనొద్దని మా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ ఏడు దీపావళికి జనార్దనయ్య రాలేదు. ఆ మరుసటేడూ రాలేదు. "తీరిక లేదంట," అంది వెంకటసుబ్బమ్మ. "మొహం చెల్లకుండా ఉంటాది," అన్నాడు సుందరరామయ్య. ఆ రెండేళ్ళూ ఆయన ఒళ్ళు చేశాడు. బజారులో నవ్వుతూ పలకరించేవాడు. ఆంధ్ర రాష్ట్రం గొడవలు వచ్చి, మదరాసు మనదే అని ఆత్మకూరంతా గొంతు చించుకొని అరుస్తుంటే ఈయనొక్కడు నోరు మెదపలేదు. మదరాసు మనకు రాదని తేలిన రోజు, పోతే పోనీలే అని అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. మన పిల్లకాయలందరూ పరుపులు చుట్టుకొని బస్సు దిగుతారని ఆయన ఆశ. ఒకడు దిగినా ఆయనకు చాలు.

మూడో ఏడు దీపావళినాటి మధ్యాహ్నం జనార్దనయ్య దిగనే దిగాడు. బస్సు కాదు, నెల్లూరు నుంచి టాక్సీ. వెంట భార్య, అక్కకు పట్టుచీర, ఇంటికి ఎవర్‌సిల్వర్ బిందె. బిందె ఎండలో మెరుస్తుంటే బజారు బజారంతా అరుగు దగ్గరికి వచ్చేసింది.

"నాదేం లేదు," అన్నాడు జనార్దనయ్య అందరితో. "అంతా బావ చేతి రూపాయే. అది పడిన రోజు నుంచి గల్లాపెట్టె మూత పడలేదు. పక్కనున్న అంగడి కూడా తీసుకొన్నా. ఏ ఘడియలో ఇచ్చినాడో మహానుభావుడు!"

"ఏ ఘడియ అన్నా అది? మాకూ చెప్పు," అని ఓబులయ్య ముందుకు వచ్చాడు. "మేం కూడా ఆ ఘడియలోనే చేయించుకొంటాం."

సుందరరామయ్య పెదవులు తడుపుకొన్నాడు. "అది... చెప్పకూడదు," అన్నాడు. చెప్పకూడని ఘడియట అని జనం ఇంకా గౌరవంగా చూశారు. ఆయన లేచి లోపలికి వచ్చేశాడు.

వంటింట్లో వెంకటసుబ్బమ్మ ప్రమిదల్లో నూనె పోస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది. "వర్జ్యం చూసే ఇచ్చినారు గదా?"

రెండేళ్ళుగా ఆమెకు తెలుసన్న సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది. పీట మీద కూలబడ్డాడు.

"చూసే ఇచ్చినా. చెడిపోవాలనుకొనే ఇచ్చినా. అయినా వాడు బాగుపడినాడే!"

"వాడు కష్టపడినాడు, బాగుపడినాడు. మీ చెయ్యి వాడికి మంచీ చేయలా, చెడూ చేయలా."

సుందరరామయ్య ఆ మాటకు అదిరిపడ్డాడు. ఆమె తిట్టినా ఊరుకొనేవాడు. "అనొద్దే, అట్లనొద్దు. చెయ్యే చేసింది. నేను చెడిపొమ్మంటే నా మాట వినకుండా మంచి చేసింది. అట్లయినా అను."

ఆమె ఇంకో ప్రమిదలో నూనె పోసింది. బయట నుంచి ఓబులయ్య కేక వేశాడు, పూజ అయింది, బోణీకి అందరూ కాచుకొని ఉన్నారని.

"పోండి, మీ కోసమే చూస్తాండారు," అంది వెంకటసుబ్బమ్మ.

"నా కోసం కాదే," అన్నాడు సుందరరామయ్య. "దీని కోసం." ఇన్నేళ్ళూ బావమరిదిని ఏ చూపు చూశాడో అదే చూపుతో తన కుడి చేతిని చూసుకొని, బజారులోకి వెళ్ళాడు.