ఊలే, లే లేదు

మా రంగూన్ చలి మాట చెబితే మంచు చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజుల్లో డిసెంబరు పొద్దున్నే సైకిలు హ్యాండిలు పట్టుకుంటే మా వేళ్ళు కొయ్యబారేవి. బయటి సరుకు దేశంలోకి రాని కాలం. నా సైకిలు ట్యూబులో రబ్బరుకన్నా అతుకులే ఎక్కువ. బర్మా భాషలో ‘లే’ అంటే గాలి, ‘ఊలే’ అంటే బాబాయి. పంక్చర్లు వేసే బర్మా పెద్దాయన దగ్గరికి చక్రం ఈడ్చుకెళ్ళి, “ఊలే, లే లేదు” అనేవాణ్ణి. (చివరి మాట ఒక్కటే తెలుగు. దానికే ఆయన నవ్వేవాడు.)

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మింగళ తౌంగ్‌న్యున్‌లో ఇల్లు, సేక్కాన్ రేవులో టెంపరరీ గుమాస్తా పని. ఆ నెల విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నాకు రాజకీయం తెలియదు గానీ వేడుక చూసే పిచ్చి ఉండేది. ఎక్కడ కేకలు వినబడితే అక్కడికి, చౌక్తడా కోర్టుల వైపు చుట్టు తిరిగి మరీ పనికి వెళ్ళేవాణ్ణి. ఇంకొక్క రోజు పొద్దున ఏడు దాటి వస్తే మర్నాటినుంచి రానక్కర్లేదని పెద్ద గుమాస్తా చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే రోజూ పొద్దున చక్రం చతికిలబడటం మొదలైంది. ఊలే ట్యూబును చన్నీళ్ళ బేసినులో ముంచి, వణుకుతూ అంగుళం అంగుళం తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు. చిల్లి లేకుండా గాలి ఎలా పోతుంది? చలికి గాలి కూడా ముడుచుకుంటుందని ఆయన తేల్చాడు. నాకది మహా శాస్త్రంలా తోచింది. ఆ సాయంత్రం నా దుప్పటి తీసి చక్రానికి చుట్టి, నేను మాత్రం గోనెపట్టా కప్పుకుని పడుకున్నాను.

తెల్లారి చూస్తే దుప్పటి చక్కగా మడతపెట్టి ఉంది, చక్రం నేలకంటుకుని ఉంది. గాలికి మడతపెట్టడం కూడా వచ్చా అనుకుంటుండగా, నాయనమ్మ ఆకువక్క పెట్టె తెరిచింది. సున్నం డబ్బా పక్కన నా సైకిలు వాల్వు మూత కనబడింది.

“ఇదేటే నాయనమ్మా?”

“ఏటుంది? గాలి తీసేసినాను.” తమలపాకు ఈనె తీస్తూ నిదానంగా చెప్పింది. “నడిస్తే తిన్నగా పనికెల్తావు. సైకిలుంటే సూడ్డానికెల్తావు. రేవుకాడ గొడవల్లో మీ తాత కూడా సూసొత్తాననే ఎల్లినాడు.”

తాత రేవులో పోయాడని తెలుసు గానీ, చూడబోయి పోయాడని తెలియదు. గోనెపీచు దులుపుకుంటూ తిన్నగా నడిచాను. ఏడింటికి ఐదు నిమిషాలుండగానే చేరాను. కోర్టుల దగ్గర ఊరికే నిలబడి చూస్తున్నవాళ్ళనూ పోలీసులు పట్టుకుని లారీలెక్కించారని మధ్యాహ్నం తెలిసింది. ఆ సాయంత్రం కూడా తిన్నగా ఇంటికే నడిచాను.

ఈమధ్య వీధుల్లో మళ్ళీ కేకలు మొదలైనప్పుడు, ఒక పొద్దున మా మనవరాలు సైకిలు దగ్గర నిలబడి పిలిచింది.

“తాతా, లే లేదు.”

“చలికాలం కదమ్మా, ముడుచుకుని ఉంటుంది” అన్నాను, జేబులో వాల్వు మూతను తడుముకుంటూ.